అయస్కాంతానికి అంటని గిన్నెలు

(కరకట్ట దారి: తొమ్మిదో భాగం)

ఇమ్కే పెళ్ళి మే నెల రెండో శనివారానికి నిశ్చయమైందనీ, పెళ్ళయ్యాక కొత్త జంట ఫోల్కే అత్త ఇంటి పైవాటాలోనే కాపురం పెడుతుందనీ మీకు తెలుసు. ఆ పైవాటా వంటగదికి జనవరిలో కరెంటు తీగలు లాగి, నల్ల అద్దంలా మెరిసే ఇండక్షన్ స్టవ్ బిగించింది పెళ్ళికొడుకు రెమ్మరే. ఇంటి అల్లుడు ఎలక్ట్రీషియన్ అయితే ఎంత సుఖమో అని అత్త ఆ నెలంతా ఊళ్ళో చెప్పుకు తిరిగింది. ఈమధ్య ఆవిడ బుధవారం బుధవారం పాటల బృందానికని వెళ్ళి, ఒక్క కూనిరాగం కూడా లేకుండా, చెంపలు మాత్రం ఎర్రగా చేసుకుని తిరిగొస్తోంది. అదీ పోయిన వారం చూశాం.

కిందటి శనివారం ఇమ్కే, రెమ్మర్ తమ్మెన్ గారి పాత్రల దుకాణానికి వెళ్ళారు. పెళ్ళి బల్ల మీద ఏమేం పెట్టాలో అక్కడే తేల్చుకోవాలి. టీ సెట్టు కుదిరింది, వాఫుల్ పెనం కుదిరింది. ఇంకా గిన్నెల దాకా రాకముందే ఇమ్కే డ్రైవర్‌గా పనిచేసే బస్సు డిపో నుంచి ఫోను వచ్చింది. ఒక డ్రైవర్‌కి జ్వరం, ఫుట్‌బాల్ పిల్లలు మైదానం దగ్గర ఎదురుచూస్తున్నారు. గిన్నెలు నువ్వే చూసెయ్ అని రెమ్మర్‌కి అప్పగించి ఇమ్కే పరుగెత్తింది. అప్పగించింది మూడు గిన్నెలే కదా అనుకుంది.

ఈ శనివారం పొద్దున పది గంటలకు సముద్రపు గాలి ఎంత విసురుగా ఉందంటే, దుకాణం తలుపును ఇమ్కే భుజంతో నెట్టాల్సి వచ్చింది. తలుపు పైన గంట మోగింది. వెనకాలే ఫోల్కే అత్త లోపలికి వచ్చి, తలకు కట్టిన రుమాలు విప్పి జుట్టు సర్దుకుంది. చెవులకు మంచి పోగులు పెట్టుకుంది. గిన్నెలు చూడడానికి ఈ పోగులెందుకు అత్తా అని ఇమ్కే దారిలోనే వేళాకోళం చేసింది. చెవులకు గాలి కొట్టకుండా అంది అత్త. అరవై ఒక్క ఏళ్ళ మనిషి అంత అర్థంలేని జవాబు ఇవ్వడం ఇమ్కే ఎప్పుడూ వినలేదు. అయినా ఆ పూట ఆమెకు దేన్నీ తరిచి చూసే ఓపిక లేదు, అంత సంతోషంగా ఉంది.

పెళ్ళి బల్ల వీధివైపు కిటికీ పక్కన వేసి ఉంది. తెల్లటి గుడ్డ పరిచి, ఎంచుకున్న సామానంతా దాని మీద తీర్చారు. ఎర్ర గులాబీల టీ సెట్టు ఆరుగురికి. వాఫుల్ పెనం. చెక్క గరిటెలు మూడు. రొట్టె కోసే కత్తి, దాని పిడికి దారంతో కట్టిన ఒక సెంటు నాణెం. కత్తిని ఊరికే ఇస్తే చుట్టరికం తెగిపోతుందని ఇక్కడివాళ్ళ భయం, అందుకే పెళ్ళికూతురు ఆ నాణెం ఇచ్చి కొనుక్కున్నట్టు లెక్క. కూర ఆకుల్ని గిరగిరా తిప్పి నీళ్ళు వదిలించే బుట్ట. అన్నిటికీ వెనక, వరసగా మూడు గిన్నెలు. పెళ్ళికి పిలిచినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి, ఇది మా తరఫున అని చెప్పి డబ్బు కట్టి పోతారు. సామాను మాత్రం పెళ్ళిదాకా బల్ల మీదే ఉంటుంది. పిలవనివాళ్ళు కూడా ఊరికే చూసిపోవడానికి వస్తారు. పొద్దున్నే ఉత్తరాలు పంచే ఆవిడ వచ్చి పావుగంట చూసిందట.

బల్ల ముందు నిలబెట్టిన అట్టముక్క మీద ‘ఇమ్కే – రెమ్మర్’ అని గుండ్రటి అక్షరాలు, పెన్సిల్‌తో.

"ఇదేంటి తమ్మెన్ గారూ, సిరాతో రాయలేదా?" అంది ఇమ్కే.

డెబ్బై ఏళ్ళ ఆవిడ, తమ్మెన్ గారు, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్‌ని తడుముకున్నారు. దాని రెండో కొసన అరిగిపోయిన ఎర్ర రబ్బరు ఉంది. పెళ్ళి అయ్యేదాకా తాను సిరా ముట్టనని చెప్పారు. నలభై ఏళ్ళలో ఈ రబ్బరుతో పదకొండు పేర్లు చెరిపారట. అందులో ఒకాయన పేరు రెండుసార్లు, రెండు వేరే వేరే అట్టముక్కల మీద. ఇమ్కే పకపకా నవ్వింది. ఆ పన్నెండో పేరు తన బల్ల మీదికి రాదని అంత ధీమా.

ఆ ధీమాకి కారణం లేకపోలేదు. ఇమ్కేకి ఏడేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒకే శీతాకాలంలో పోయారు. తండ్రికి అక్క అయిన ఫోల్కే అత్త ఒక చేత్తో పిల్లనీ, ఇంకో చేత్తో పిల్ల పెట్టెనీ పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటి నుంచీ ఇమ్కేకి అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటే, రేపు ఏం జరుగుతుందో ఇవాళే తెలియడం. బడి బస్సు డ్రైవర్ అయిందీ అందుకే. ఏడు గంటల పది నిమిషాలకు మొదటి పాప ఎక్కుతుంది, ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ముప్ఫై ఎనిమిదో పిల్లాడు దిగుతాడు. మలుపు తిరిగే ముందు లైటు వెయ్యనివాడంటే ఆమెకు ఒళ్ళు మంట. రెమ్మర్ నచ్చింది కూడా, అతను ఏ తీగ ఎక్కడికి పోతుందో ముందే చెప్పి మరీ గోడ తవ్వే మనిషి కనకనే.

ఇమ్కే పెద్ద గిన్నె ఎత్తి చూసింది. చలికాలంలో కేల్ ఆకు, సాసేజీలు వేసి పన్నెండు మందికి వండాలంటే ఆమాత్రం గిన్నె ఉండాలి. చూడ్డానికి దిట్టంగా ఉన్నది చేతికి అనుకున్నంత బరువు రాలేదు. పక్కనే బల్ల కోడుకి తాడు కట్టి ఒక అయస్కాంతం వేలాడుతోంది. ఇండక్షన్ స్టవ్‌లు ఊళ్ళోకి వచ్చినప్పటి నుంచి తమ్మెన్ గారు దాన్ని అక్కడ కట్టి ఉంచారు. గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకుంటే ఆ స్టవ్ మీద ఉడుకుతుంది, అంటుకోకపోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెట్టినా నీళ్ళు గోరువెచ్చనైనా కావు. ఇమ్కే ఊరికే, చేతికి తోచక, అయస్కాంతాన్ని గిన్నె అడుగుకి ఆనించి వదిలింది.

అది జారి తాడుకి వేలాడింది.

మళ్ళీ ఆనించింది, మళ్ళీ జారింది. రెండో గిన్నె బోర్లించింది, మూడోది బోర్లించింది. మూడింటిదీ అదే వరస. అన్నీ మందపాటి అల్యూమినియం.

ఇమ్కేకి ముందు నవ్వే వచ్చింది. స్టవ్ బిగించినవాడే దానికి పనికిరాని గిన్నెలు కొన్నాడంటే ఇంక జన్మంతా దెప్పడానికి సరిపోతుంది. అత్తా, నీ ఎలక్ట్రీషియన్ అల్లుడి తెలివి చూశావా అని పిలిచింది. ఫోల్కే అత్త కేకు అచ్చుల అర దగ్గర నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. మామూలుగా అయితే ఈపాటికి ఆ ఆకులు తిప్పే బుట్టని పట్టుకుని, చేతులు లేవా వీళ్ళకి అని పది నిమిషాలు ఏకరువు పెట్టి ఉండాలి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి కూడా నవ్వలేదు. చేతిలో ఉన్న గుండ్రటి అచ్చుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

తమ్మెన్ గారి మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. ఆవిడ దుకాణంలో ఇలాంటి పొరపాటు జరగదు.

"నేను చెప్పానమ్మా అతనికి," అన్నారు. "ఇవి మీ స్టవ్ మీద పనిచెయ్యవు నాయనా అని చెప్పాను. అయస్కాంతం కూడా పెట్టి చూపించాను."

"ఏమన్నాడు?"

"తెలుసు అన్నాడు."

"తెలిసి?"

"తెలుసు, ఇవే కావాలి అన్నాడు. ఇంక నేనేం అడుగుతాను?"

ఇమ్కే చేతిలో గిన్నె ఇంకా బోర్లానే ఉంది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. పొరపాటు కాదన్నమాట. కావాలనే తీసుకున్నాడు. ఈ గిన్నెలు ఉడకాలంటే కింద గ్యాసు మంట ఉండాలి. ఫోల్కే అత్త ఇంట్లో పైన గానీ కింద గానీ గ్యాసు లేదు. అంటే గ్యాసున్న వంటగది ఒకటి రెమ్మర్ మనసులో ఉంది. అది ఎక్కడుందో తనకి తెలియదు.

పదకొండింటికి కిటికీలో దీపం బాగుచెయ్యడానికి రెమ్మర్ ఎలాగూ వస్తాడు. అప్పటిదాకా కూర్చోండమ్మా అని తమ్మెన్ గారు దుకాణం వెనక ఉన్న చిన్న బల్ల దగ్గర టీ సిద్ధం చేశారు. కప్పులో కలకండ ముక్క వేసి వేడి టీ పోస్తే అది చిటపటమంది. పైన మీగడ వేశారు. ఎవరూ కలపలేదు, ఇక్కడ కలపరు. మూడు కప్పులు తాగేదాకా లేవకూడదు, చాలనుకుంటే చెంచా తీసి కప్పులో పెట్టాలి. మొదటి కప్పుకే చెంచా పెట్టేశారంటే ఇంటివాళ్ళతో ఏదో చెడిందని అర్థం.

రెమ్మర్ చెప్పిన వేళకే వచ్చాడు. భుజాన పనిముట్ల సంచీ, గాలికి రేగిన జుట్టు. మోయిన్ అని అందరినీ పలకరించి, పెళ్ళి బల్ల మీద బోర్లించి ఉన్న మూడు గిన్నెల్ని చూశాడు. సంచీ నెమ్మదిగా కింద పెట్టాడు. వచ్చి ఇమ్కేకి ఎదురుగా కూర్చున్నాడు. అతని ముందు తమ్మెన్ గారు కప్పు పెట్టారు. లేచి వెళ్ళిపోదామని ఆవిడకీ ఉంది, కానీ దుకాణం ఆవిడదే, వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

"పొరపాటున తీసుకున్నావా?" అని అడిగింది ఇమ్కే.

అవును అనెయ్ రెమ్మర్, ఆ ఒక్క మాట అనెయ్ అని ఆమె లోపల బతిమాలుకుంది. అతను అబద్ధం ఆడినా ఆ క్షణంలో నమ్మేసేది.

"కాదు," అన్నాడు.

తర్వాత ఆగకుండా చెప్పుకుపోయాడు. దీవిలో తను పుట్టిన ఇల్లు ఉంది కదా, ఇసుక దిబ్బ వెనక పొట్టి ఇటుక ఇల్లు, రెండు గదులూ వంటగదీ, సిలిండర్‌తో నడిచే స్టవ్. ఆ ఇల్లు రేవు దీపాలు చూసే ఉద్యోగంతో పాటు వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఉద్యోగం తన తండ్రి హార్మ్‌ది. ఫిబ్రవరిలో ఆయన ఉన్నట్టుండి, ఇంక నేను చెయ్యను, ఒడ్డున ఊళ్ళో చోటు చూసుకున్నాను అని ఉద్యోగం వదిలేశాడు. దీవి పంచాయితీ వాళ్ళు రెమ్మర్‌ని అడిగారు. పది రోజుల్లో ఏ మాటా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇలాంటిది ఇంకో ముప్ఫై ఏళ్ళకి గానీ ఖాళీ కాదు.

"చెప్పావా మాట?"

"చెప్పాను. వస్తానన్నాను."

"ఎన్నో రోజున?"

"నాలుగో రోజు."

ఇమ్కే మనసులో తేదీలు లెక్కపెట్టింది. తేదీలు లెక్కపెట్టడంలో ఆమెది తిరుగులేని చెయ్యి.

"నాలుగో రోజు మనం గోడకాగితాలు చూడ్డానికి వెళ్ళాం. నేను పసుపు, నీలం రెండూ పట్టుకుని నిన్ను అడిగాను. నీలం బావుంది అన్నావు."

"బావుంది కదా," అన్నాడు రెమ్మర్ దీనంగా.

తమ్మెన్ గారు కెటిల్ వైపు చూశారు. ఫోల్కే అత్త కప్పులోకి చూసింది. నవ్వాల్సిన చోట ఎవరూ నవ్వలేదు.

"అక్కడ బస్సుందా?" అంది ఇమ్కే.

రెమ్మర్ కింద పెట్టిన సంచీ వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. దీవిలో బస్సుందా? కారుందా? అంబులెన్సూ, మంటలార్పే బండీ తప్ప ఒక్క మోటారైనా ఉందా?"

"లేదు."

"నేనేం పని చేస్తానో తెలుసా నీకు?"

"బస్సు తోలుతావు."

"ఆఁ."

రెమ్మర్ రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు. ఎక్కడ ముట్టుకున్నా కరెంటు కొడుతుందని తెలిసిన మనిషిలా ఒక్కో మాటా ఏరుకుంటూ అన్నాడు: "సామాన్లు మోసే గుర్రబ్బండ్ల వాళ్ళకి మనిషి కావాలట. అడిగి ఉంచాను."

ఇమ్కేకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తనకి గుర్రబ్బండి మాట్లాడి ఉంచాడు. ఎంత ప్రేమ ఉంటే ఆ పని చేస్తాడు, ఎంత మతి పోతే తనకి చెప్పకుండా చేస్తాడు. ఆమె కళ్ళ ముందు ముప్ఫై ఎనిమిది మంది పిల్లలూ వరసగా కూర్చున్నారు. మూడో మలుపు దగ్గర రోజూ కడుపులో తిప్పే పాప, కిటికీ మీద ఊది బొమ్మలు గీసే కవలలు, దిగేటప్పుడు ఎవరూ చెప్పకపోయినా థాంక్యూ చెప్పే మొండి వెధవ. వీళ్ళందరినీ వదిలి గుర్రం వెనక కూర్చోవాలా? ఒకవేళ కూర్చున్నా కూర్చునేదేమో. అడిగి ఉంటే.

"రోజూ చెబుదామనే అనుకున్నాను," అన్నాడు రెమ్మర్. "నోరు తెరిచేవాణ్ణి. నువ్వు ఆ పైవాటా కిటికీ గురించి మొదలుపెట్టేదానివి. పొద్దున్న వెలుగు ఎటు పడుతుంది, బల్ల ఎక్కడ వెయ్యాలి అని. నీ ముఖం చూసి నోరు మూసుకునేవాణ్ణి. రేపు ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. నిజంగా."

"గిన్నెలు మాత్రం ముందే తీసుకున్నావు."

"గిన్నెల దగ్గర అబద్ధం ఆడలేకపోయాను ఇమ్కే. ఇండక్షన్ గిన్నెలు తీసుకుంటే అది అబద్ధమే కదా." రేగిన జుట్టుని వెనక్కి తోసుకున్నాడు. "ఇంకోటి కూడా ఉంది. తమ్మెన్ గారు నీకు చెప్పేస్తారేమో, నా నోటితో చెప్పక్కర్లేకుండా పోతుందేమో అని కూడా అనుకున్నాను."

ఈ చివరి మాట చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అయినా చెప్పాడు. అందుకే ఇమ్కేకి అతని మీద జాలేసింది, జాలేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"చూడు," అంది. "నేను బస్సులో ముప్ఫై ఎనిమిది మందిని పెట్టుకుని లైటు వెయ్యకుండా మలుపు తిప్పితే నా లైసెన్సు పీకేస్తారు. నువ్వు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తిప్పావు. ఒక్కదాన్నే కదా అనుకున్నావు."

రెమ్మర్ తల దించుకున్నాడు. అతని వైపు నుంచి చూస్తే, పదేళ్ళ వయసులో తల్లి చేయి పట్టుకుని ఒడ్డుకి వచ్చేసినప్పటి నుంచీ ఆ ఇసుక దిబ్బ వెనక ఇంటినే కలగన్నవాడు. తండ్రి మాత్రం దీపాల కోసం అక్కడే ఉండిపోయాడు. అందరి ఇళ్ళకీ తీగలు లాగి, సాయంత్రానికి అద్దెగదికి చేరే మనిషి, ఉన్నట్టుండి తను పుట్టిన ఇంటి తాళం చేతికిస్తామంటే నాలుగు రోజులు ఆగడమే ఎక్కువ. ఇదంతా ఇమ్కేకి అర్థమవుతూనే ఉంది. అర్థం కావడం వల్ల నొప్పి తగ్గలేదు.

రెండో కప్పు పోయడానికి తమ్మెన్ గారు కెటిల్ ఎత్తారు.

"తమ్మెన్ గారూ," అంది ఇమ్కే, "నా జాబితాలో ఆ మూడు గిన్నెలు కొట్టెయ్యండి. అత్తా వాళ్ళింటికి పనికొచ్చేవి రాయండి. మిగతాది నేనూ ఇతనూ తర్వాత తేల్చుకుంటాం."

తమ్మెన్ గారు కెటిల్ దించేశారు.

"కొట్టెయ్యలేనమ్మా. అవి అమ్ముడైపోయాయి. మూడూనూ. నిన్న పొద్దున్నే."

"ఎవరు కొన్నారు?"

"కొన్నవాళ్ళ పేరు పెళ్ళిరోజు దాకా చెప్పకూడదు. నా దుకాణం మొదలైనప్పటి నుంచీ అదే పద్ధతి."

చెప్పకూడదు అంటూనే ఆవిడ కళ్ళు ఒక్క క్షణం పక్కకి తిరిగాయి. ఇమ్కే ఆ చూపు వెంట చూసింది. సగం కప్పు టీ ఇంకా మిగిలి ఉండగానే ఫోల్కే అత్త చెంచా తీసుకుని, చప్పుడు కాకుండా, కప్పులో పెట్టింది.

మొదటి కప్పుకే. ఇమ్కే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అత్త ఆ పని చెయ్యడం ఇదే మొదటిసారి.

"నువ్వా అత్తా?"

"నేనే."

"అంటే నీకు తెలుసు. దీవి సంగతి నీకు ముందే తెలుసు."

"తెలుసు. వీడు నీకు చెప్పాడనే అనుకున్నాను. కొత్త ఇంటికి గిన్నెలు నేనివ్వకపోతే ఎవరిస్తారని వచ్చి కొన్నాను. రాత్రి నువ్వు భోజనం దగ్గర మళ్ళీ ఆ పైవాటా కిటికీ తెరలు మొదలుపెట్టావు చూడు, అప్పుడు తెలిసింది నాకు, వీడు నోరు విప్పలేదని."

"మరి నువ్వు విప్పొచ్చు కదా."

ఫోల్కే అత్త చెవిపోగు పట్టుకుంది, వదిలేసింది. ఊళ్ళో ఎవరి మాటకీ వెనకాడని మనిషి, బల్ల అంచు మీద గోటితో గీతలు గీస్తూ కూర్చుంది.

"పైవాటా నీకు ఇస్తానని నేనెప్పుడన్నానే?" అంది చివరికి. "నువ్వు అనుకున్నావు. వీడు జనవరిలో తీగలు లాగినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత నా సంగతి వేరే అయింది. ఇరవై రెండేళ్ళలో నీకు ఏదీ లేదని చెప్పలేదు ఇమ్కే. ఈ ఒక్కటీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు ఆదివారం చెబుదామనుకున్నాను."

"అందరికీ ఆదివారమే దొరికిందా?" అంది ఇమ్కే. అని, ఆగింది. "నీ సంగతి వేరే అయిందంటే?"

అత్త తమ్మెన్ గారి వైపు చూసి తలూపింది. తమ్మెన్ గారు లేచి, సొరుగు తెరిచి, వెనక నుంచి ఒక అట్టముక్కా దానికి గుచ్చిన కాగితమూ తీశారు. మీ పెళ్ళి అయ్యేదాకా బల్ల మీద పెట్టొద్దని ఆవిడే అన్నారమ్మా అని గొణిగి, ఇమ్కే ముందు పెట్టారు. కాగితం నిండా సామాన్ల పేర్లు. కేకు అచ్చు ఒకటి, గుండ్రటిది. టీ కప్పులు రెండే రెండు. గిన్నెలు నాలుగు, ఒక్కోదాని ఎదురుగా తమ్మెన్ గారి చేత్తో చిన్న గుర్తు. అడుగు చూశాను, అయస్కాంతం అంటింది అని ఆ గుర్తుకి అర్థం. పైవాటాలో ఆ నల్ల అద్దం స్టవ్ మీద ఉడికేవి ఈ గిన్నెలు.

అట్టముక్క మీద, అవే గుండ్రటి అక్షరాలతో, పెన్సిల్‌తో: ‘ఫోల్కే – హార్మ్. జూన్ మూడో శనివారం.’

ఇమ్కే రెండుసార్లు చదివింది. తర్వాత దాన్ని బల్ల మీద తోసి రెమ్మర్ ముందుకి జరిపింది. రెమ్మర్ చదివాడు. చెవుల దాకా ఎర్రబడి, ఆ మీదట తెల్లబోయాడు.

"మా నాన్నా?" అన్నాడు.

అతనికి తెలియదు. ఆ పూట అతని ముఖంలో ఇమ్కే సందేహం లేకుండా నమ్మింది ఆ ఒక్కదాన్నే. ఒడ్డున చోటు చూసుకున్నాను అంటే ఏదో ముసలివాళ్ళ వసతి అనుకున్నాడు పాపం. బుధవారం బుధవారం మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికని పడవెక్కి వచ్చేవాడు హార్మ్. బుధవారం బుధవారం పాటలకని వెళ్ళేది ఫోల్కే. ఆయన ఇల్లు ఖాళీ చేస్తున్నాడు కాబట్టి కొడుక్కి ఇల్లు వచ్చింది, ఈవిడ పైవాటా ఆయనకి ఇస్తోంది కాబట్టి మేనకోడలికి చోటు పోయింది. నలుగురు మనుషులు, రెండు స్టవ్‌లు. ముగ్గురికి తలో ముక్కా తెలుసు. తన కాపురం ఎక్కడో అసలేమీ తెలియనిది ఇమ్కే ఒక్కతే.

పెళ్ళి అన్న మాట విడిగా విని ఉంటే ఆమె అత్తని ఎత్తుకుని గిరగిరా తిప్పేది. తన కోసమే ఒంటరిగా ఉండిపోయిన మనిషి, ఈ వయసులో చెవులకు గాలి కొట్టకుండా పోగులు పెట్టుకుందంటే అంతకన్నా ఏం కావాలి. పెంచిన అత్తే ఇక మామగారి పక్కన అత్తగారై కూర్చుంటుంది. ఆ సంతోషం గొంతుదాకా వచ్చింది. కానీ దాని కిందే ఇంకోటి ఉంది. ఏడేళ్ళప్పుడు కూడా ఇలాగే, పెద్దవాళ్ళంతా పక్క గదిలో మాట్లాడుకుని, అన్నీ తేల్చుకుని, చివర్న తలుపు తీసి తనకి చెప్పారు. అప్పుడు పెట్టె సర్దుకుంది.

"కోపం తెచ్చుకోకే," అంది ఫోల్కే అత్త. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదకొండున్నర పడవకి ఆయనా వస్తున్నాడు. అందరం కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడుకోండి," అంది ఇమ్కే, "మీకు అలవాటే కదా."

లేచి నిలబడింది. రెమ్మర్ కూడా లేవబోయాడు. కూర్చో అన్నట్టు ఆమె చెయ్యి చూపించింది, అతను కూర్చుండిపోయాడు. ఇమ్కే తమ్మెన్ గారి చెవి మీద నుంచి పెన్సిల్ తీసుకుంది. అనుమతి అడగలేదు, ఆవిడా వద్దనలేదు. నాలుగు అడుగులు వేసి పెళ్ళి బల్ల దగ్గరికి వెళ్ళింది. బోర్లించి ఉన్న మూడు గిన్నెల్నీ ఒక్కొక్కటిగా సరిగ్గా నిలబెట్టింది. మూతలు పెట్టింది. అట్టముక్కని చేతిలోకి తీసుకుంది.

"ఇమ్కే," అన్నాడు రెమ్మర్.

ఆమె పెన్సిల్‌ని తలకిందులు చేసింది. పదకొండు పేర్లకి అరిగిన ఎర్ర రబ్బరుని, తన పేరు పక్కనున్న పేరులో మొదటి అక్షరం మీద ఆనించింది. చెయ్యి కదల్లేదు. ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు.

తలుపు పైన గంట మోగింది. గాలితో పాటు ఎవరో లోపలికి వచ్చి, మోయిన్ అని పెద్దగా పలకరించారు. ఎవరూ తల తిప్పి చూడలేదు. నలుగురూ ఆ రబ్బరు వైపే చూస్తున్నారు.